నొప్పి పుట్టకముందే కంటి పరీక్ష

కన్ను తనకు జరిగిన నష్టాన్ని తాను చెప్పుకోదు. పన్ను పుచ్చితే రాత్రి నిద్ర పట్టదు, మోకాలు అరిగితే మెట్టు ఎక్కలేరు. కంటి నరం సగం దెబ్బతిన్నా మనిషి ఎప్పటిలాగే పేపరు చదువుతాడు, బండి నడుపుతాడు, పెళ్ళిళ్ళలో చుట్టాలను పేరు పెట్టి పలకరిస్తాడు. దీనికి కారణాలు రెండు. రెండు కళ్ళు చూసే మేర చాలావరకు ఒకటే కాబట్టి, ఒక కంట్లో తగ్గిన చూపును రెండోది కప్పిపుచ్చుతుంది. ఒకే కంటి చూపులో ఎక్కడైనా ఖాళీ ఏర్పడితే, చుట్టూ కనిపించేదాన్ని బట్టి మెదడు ఆ ఖాళీని నింపేసుకుంటుంది. అక్కడ నల్లమచ్చ కనిపించదు, ఏదో లేదన్న సంగతే తట్టదు. ఒక కంట్లో దుమ్ము పడి దాన్ని చేత్తో మూసుకున్నప్పుడు, రెండో కంటికి ఏమీ కనపడటం లేదని మొదటిసారి తెలిసిన రోగులు కంటి డాక్టర్లకు తరచూ ఎదురవుతుంటారు.

అందువల్ల కంటి విషయంలో ‘ఇబ్బంది వస్తే చూపించుకుందాంలే’ అనుకోవడం ప్రమాదకరం. పరీక్షకు వేళను వయసు, ఒంట్లో ఉన్న జబ్బులు, ఇంట్లో పెద్దలకు వచ్చిన కంటి జబ్బులు నిర్ణయించాలి. ఇబ్బంది కోసం ఎదురుచూడకూడదు. దీనికి తోడు మరో అపోహ బలంగా పాతుకుపోయింది. అద్దాల షాపులో కంప్యూటర్ ముందు గడ్డం ఆనించి, నంబరు రాయించుకుని వస్తే కంటి పరీక్ష అయిపోయిందని చదువుకున్నవాళ్ళు కూడా అనుకుంటున్నారు. అది పరీక్షలో మొదటి మెట్టు మాత్రమే.

పూర్తి పరీక్ష ఒక క్రమంలో సాగుతుంది. మొదట ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పట్టీ పెట్టి, ఒక్కో కన్ను మూయించి చదివిస్తారు. ఈ పట్టీని 1862లో నెదర్లాండ్స్ వైద్యుడు హెర్మన్ స్నెలెన్ రూపొందించాడు. చదువు రానివారికి నాలుగు దిక్కులకూ తిరిగిన ఇంగ్లీషు ‘ఈ’ ఆకారాలు చూపిస్తారు. కొలత 6/60 వచ్చిందంటే, మామూలు చూపున్నవారు 60 మీటర్ల నుంచి పోల్చగలిగే అక్షరాన్ని ఆ మనిషి 6 మీటర్ల దగ్గరకు వస్తే గాని పోల్చలేడని అర్థం. చూపు తక్కువగా తేలితే చిన్న రంధ్రమున్న నల్లబిళ్ళను కంటి ముందు పెడతారు. రంధ్రంలోంచి బాగా కనపడితే చాలావరకు అద్దాలతో సరిపోతుంది. అప్పటికీ కనపడకపోతే జబ్బు ఎక్కడుందో వెతకాలి. రూపాయి ఖరీదు కూడా చేయని ఈ బిళ్ళ అద్దాల రోగినీ జబ్బు రోగినీ అక్కడికక్కడే వేరుచేస్తుంది.

తర్వాత స్లిట్ ల్యాంప్. గడ్డం, నుదురు ఆనించి కూర్చున్న రోగి కంట్లోకి సన్నని వెలుగు చీలికను పంపి, రెప్పల అంచులు, నల్లగుడ్డు, కటకం ఒక్కోదాన్నీ పెద్దది చేసి చూస్తారు. కంటి లోపలి ఒత్తిడిని కొలుస్తారు. అది సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. చివరిగా పాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు. మందు కాస్త చురుక్కుమంటుంది. ఇరవై, ముప్పై నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఆ తర్వాత కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి, వెలుతురు కొడుతుంది, బండి నడపకూడదు. అందుకే తోడుగా ఒకరిని తీసుకెళ్ళాలి. ఆ అరగంట కూర్చునే ఓపిక లేక ‘మందు వద్దు, నంబరు రాసివ్వండి చాలు’ అని వెళ్ళిపోయేవారు ఎక్కువ. పరీక్షలో అసలు భాగం అప్పుడే మొదలవుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

పాప విప్పారాక డాక్టరు చూసేది శరీరంలో మరెక్కడా కనిపించని దృశ్యం. కోత లేకుండా, బతికున్న రక్తనాళాలనూ మెదడు నుంచి వచ్చిన నరం కొసనూ నేరుగా చూడగలిగే చోటు కంటి వెనకభాగమే. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లో ప్రకటించిన ఆఫ్తాల్మోస్కోపుతో ఇది సాధ్యమైంది. నరం కొస గుండ్రంగా, లేత నారింజరంగులో ఉంటుంది, మధ్యలో చిన్న గుంట. దాని పక్కనే సూటి చూపుకు ఆధారమైన మాక్యులా. రక్తనాళాలు నరం కొస దగ్గర మొదలై నాలుగు వైపులా పరుచుకుంటాయి. బీపీ ముదిరినా, షుగరు అదుపు తప్పినా, మెదడులో ఒత్తిడి పెరిగినా ఆ గుర్తులు అక్కడ పడతాయి. తలనొప్పితో కంటి డాక్టరు దగ్గరకు వచ్చి, మెదడులో గడ్డ ఉందని తేలినవారూ ఉన్నారు.

మన దేశంలో అంధత్వంపై పోరాటం శుక్లాలతో మొదలైంది, అది సబబే. 1976లో కేంద్ర ప్రభుత్వం జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అప్పటికే హైదరాబాద్‌లోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి చెందిన డాక్టర్ పి. శివారెడ్డి వంటివారు ఊళ్ళకు వెళ్ళి క్యాంపులు పెట్టి శుక్లాలు తీస్తున్నారు. ఆయనకు 1977లో పద్మభూషణ్ లభించింది. ఆ రోజుల్లో మసకబారిన కటకాన్ని తీసేస్తే దాని స్థానంలో పెట్టడానికి ఏమీ లేదు, మందపాటి సోడాబుడ్డి అద్దాలు పెట్టుకోవాల్సిందే. కృత్రిమ కటకాన్ని 1949లోనే లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అమర్చినా, అది మన పల్లెల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. పాఠశాల గదుల్లో మంచాలు వేసి, వందల మందికి చూపు తెప్పించిన ఆ తరం డాక్టర్లకు తెలుగు సమాజం రుణపడి ఉంది.

ఆ తరం వదిలివెళ్ళిన ఒక నమ్మకాన్ని మాత్రం ఇప్పుడు వదిలించుకోవాలి. ‘శుక్లం ముదిరాక తీయించుకోవాలి’ అన్నది పాత పద్ధతికి సరిపోయిన మాట. ఇప్పుడు రెండు మూడు మిల్లీమీటర్ల కోతతో శుక్లాన్ని తీసి, అక్కడే కటకాన్ని అమరుస్తున్నారు. ముదిరి రాయిలా గట్టిపడిన శుక్లాన్ని తీయడమే కష్టం. బాగా ముదిరితే లోపల ఒత్తిడి పెరిగి నరం కూడా దెబ్బతింటుంది. రోజువారీ పనికి చూపు అడ్డొస్తోందంటే ఆపరేషనుకు వేళ అయినట్టే. ఆపరేషన్ అయినవారికీ పరీక్షలు తప్పవు. కొందరికి కొన్ని నెలలకో ఏళ్ళకో కటకం వెనక పొర మసకబారుతుంది, కొద్ది నిమిషాల లేజరుతో అది పోతుంది. ఆ సంగతి తెలియక ‘ఆపరేషన్ చెడింది’ అని ఇంట్లో కూర్చునేవారు చాలామంది.

అసలు జనంలో ఎవరికి ఏ జబ్బు ఉందో తెలుసుకోవడానికి 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం జరిపింది. హైదరాబాద్ నగరం, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పిలిపించి, చుక్కల మందు వేసి, పూర్తి పరీక్ష చేశారు. అంధత్వం 1.84 శాతం మందిలో కనిపించింది. అందులో దాదాపు 60 శాతానికి కారణం శుక్లమూ, సరైన అద్దాలు లేకపోవడమూ. అంటే ఒక ఆపరేషనో, ఒక కళ్ళజోడో అందితే చూడగలిగిన మనుషులు గుడ్డివారిగా బతుకుతుండేవారు.

అదే అధ్యయనంలో మరో ఫలితం మరింత కలవరపెట్టేది. హైదరాబాద్ నగరంలో పరీక్షించినవారిలో నీటికాసుల వ్యాధి, అంటే గ్లకోమా, సాధారణ రకం ఉన్నట్టు తేలినవారిలో నూటికి తొంభైమందికి పైగా తమకు ఆ జబ్బు ఉన్నట్టు అంతకుముందు తెలియదు. మారుమూల తండాల్లో కాదు, పెద్దాసుపత్రులూ వైద్య కళాశాలలూ ఉన్న నగరంలో ఈ పరిస్థితి. ఊరిలో డాక్టరు ఉంటే చాలదు, డాక్టరు కంటి వెనక చూడాలి.

నీటికాసులు ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఈ లెక్క ఆశ్చర్యం కలిగించదు. కంటి ముందుభాగంలో పల్చటి ద్రవం నిరంతరం ఊరుతూ, నల్లగుడ్డూ నల్లపాప చుట్టూ ఉండే రంగుపొరా కలిసే మూలలోని జల్లెడలోంచి బయటికి పోతూ ఉంటుంది. చెరువుకు వాగు పారుతూ, తూము పూడుకుపోతే ఏమవుతుందో కంట్లోనూ అదే అవుతుంది. ఒత్తిడి పెరిగి, వెనక ఉన్న నరాన్ని నలిపేస్తుంది. కంటి నరంలో సుమారు పది లక్షల పోగులుంటాయి. అవి కొన్ని కొన్నిగా ఏళ్ళ తరబడి చచ్చిపోతాయి. మొదట పోయేది పక్కచూపు. ఎదురుగా ఉన్నది స్పష్టంగా కనపడుతూనే ఉంటుంది, పట్టీ చదివిస్తే 6/6 కూడా రావచ్చు. తలుపు చెక్కకు భుజం తగలడం, మెట్టు తప్పడం, పక్కనుంచి వచ్చే బండిని చివరిక్షణంలో గుర్తించడం వంటివి జరుగుతుంటే వయసు మీద పడిందనుకుంటారు. అద్దాల నంబరు కోసం వెళ్తే ‘చూపు బాగుంది’ అన్న మాటతో తిరిగొస్తారు. సూటిచూపుకు ముప్పు వచ్చేసరికి చాలా పోగులు పోయి ఉంటాయి. పోయినవి ఏ మందుతోనూ, ఏ ఆపరేషనుతోనూ తిరిగి రావు. ఉన్నవాటిని కాపాడుకోవడమే వైద్యం.

ఒత్తిడి కొలత ఒక్కటే చాలదు. కొందరికి ఒత్తిడి మామూలుగా ఉంటూనే నరం దెబ్బతింటుంది. అందుకే నరం కొసలోని గుంట పెద్దదవుతోందా అని చూడాలి, అనుమానముంటే పక్కచూపును కొలిచే ఫీల్డ్ పరీక్ష చేయాలి. మరో రకం నీటికాసుల్లో ద్రవం పోయే మూలే మూసుకుపోతుంది. అది హఠాత్తుగా మూసుకుంటే కన్ను ఎర్రబడి, తల పగిలిపోయేలా నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు వస్తాయి. వాంతులు చూసి కడుపు డాక్టరు దగ్గరకో, తలనొప్పి అని నరాల డాక్టరు దగ్గరకో వెళ్ళి ఒకట్రెండు రోజులు పోగొట్టుకుంటే ఆ కన్నే పోవచ్చు. మూల ఇరుకుగా ఉందని ముందే పరీక్షలో తెలిస్తే, లేజరుతో చిన్న రంధ్రం చేసి ఆ ముప్పు తగ్గించవచ్చు.

చికిత్స మొదలైనవారి కష్టం వేరు. రోజూ చుక్కలు వేసుకోవాలి, జీవితాంతం. వేసుకుంటే చూపు పెరగదు, మానేస్తే వెంటనే తగ్గినట్టూ తెలియదు. నెలనెలా డబ్బు ఖర్చవుతుంది. బాగైనట్టు ఏ గుర్తూ కనపడని మందును మానేయాలనిపించడం సహజం. కాబట్టి ఆ మందు దేనికో, మానేస్తే ఏమవుతుందో కుటుంబం మొత్తానికీ వివరించాల్సిన బాధ్యత డాక్టరుది. చీటీ రాసిస్తే సరిపోదు.

కంటి వెనకభాగంలో చూపును పట్టే పొర అయిన రెటీనాపై షుగరు జబ్బు చూపే ప్రభావం కూడా ఇలాగే చాటుగా మొదలవుతుంది. సన్నని రక్తనాళాల గోడలు ఉబ్బి, కారి, కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా కొత్త నాళాలను పుట్టిస్తుంది. అవి బలహీనమైనవి, ఒకరోజు తెగి కంట్లో రక్తం నిండుతుంది. అప్పటిదాకా చూపు బాగానే ఉండొచ్చు. పెద్దవయసులో వచ్చే షుగరు అయితే జబ్బు తేలిన రోజునే కళ్ళు చూపించుకోవాలి, ఎందుకంటే బయటపడకముందే అది కొన్నేళ్ళుగా ఒంట్లో ఉండి ఉండవచ్చు. ఆ తర్వాత ఏడాదికోసారి, మార్పులు కనిపిస్తే డాక్టరు చెప్పినంత తరచుగా. షుగరుతో గర్భం దాల్చిన స్త్రీకి మొదటి నెలల్లోనే పరీక్ష అవసరం. లేజరు, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు వేళకు అందితే చూపు నిలుస్తుంది. షుగరు డాక్టరు దగ్గర నెలనెలా రక్తపరీక్ష చేయించుకునే మనిషిని ‘ఈ ఏడాది కంటి పరీక్ష అయిందా’ అని ఆ గదిలోనే అడిగితే, ఈ రకం అంధత్వం చాలావరకు తగ్గుతుంది. క్షయకు వాడే ఇథాంబుటాల్, కీళ్ళవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకునేవారూ కళ్ళు చూపించుకుంటూ ఉండాలి. మొదటిది నరాన్ని, రెండోది రెటీనాను దెబ్బతీయగలవు.

పిల్లల విషయంలో కాలం మరింత ఇరుకు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు. కొందరిలో అవి అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను ఊడదీస్తాయి. కాబట్టి 34 వారాలలోపు, లేదా రెండు కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు 30 రోజులు నిండకముందే రెటీనా పరీక్ష జరగాలి. ఇంక్యుబేటర్ నుంచి బిడ్డను ఇంటికి తెచ్చుకున్న ఆనందంలో ఈ తేదీ తప్పిపోతే, తర్వాత చేయగలిగింది తక్కువ. పసిబిడ్డ కనుపాప ఫొటోలో తెల్లగా మెరిసినట్టు కనపడితే అది రెటీనా క్యాన్సర్ కావచ్చు, ఆ వారమే చూపించాలి.

మెల్లకన్ను అదృష్టమన్న నమ్మకం తెలుగు ఇళ్ళలో ఇంకా ఉంది. దానివల్ల పిల్లలకు జరిగే కీడు పెద్దది. రెండు కళ్ళూ వేర్వేరు దిక్కులు చూస్తే మెదడు ఒక కంటి బొమ్మను పక్కన పెట్టేస్తుంది. ఏడెనిమిదేళ్ళు వచ్చేలోపు సరిచేయకపోతే, కన్ను ఆరోగ్యంగానే ఉన్నా ఆ కంటి చూపు ఎదగకుండా ఉండిపోతుంది. ఒక కంటికే ఎక్కువ నంబరు ఉన్న పిల్లల్లోనూ ఇదే జరుగుతుంది, పైగా వాళ్ళలో బయటికి ఏ తేడా కనపడదు. బోర్డు మసకగా కనపడే పిల్లవాడు అందరికీ అలాగే కనపడుతుందనుకుంటాడు. చదువులో వెనకబడ్డాడని తిట్లు తింటాడు. బడిలో చేర్చేముందు ఒకసారి, ఆ తర్వాత ఏటా కళ్ళు చూపించాలి. రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకునే పిల్లల్లో హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఫోను చేతికిచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం ఇందుకు పూర్తిగా విరుద్ధం.

విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటి, కంటిగుడ్డు పొడిబారి పుండుపడటం ఒకప్పుడు వేలమంది పిల్లల చూపు తీశాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970 నుంచి పిల్లలకు ఆరునెలలకోసారి విటమిన్ ఎ ఇస్తున్నారు. ఆ జబ్బు ఇప్పుడు అరుదు. మునగాకు, తోటకూర, బొప్పాయి తింటూ, టీకాలతోపాటు ఆ మోతాదులు తప్పకుండా వేయిస్తే అది మళ్ళీ రాదు.

గాయాల దగ్గర మాత్రం రోజుల లెక్క కూడా పనికిరాదు, గంటలే లెక్క. కోతలప్పుడు వరి ఆకు గీరుకున్నా, నూర్పిళ్ళలో పొట్టు పడినా నల్లగుడ్డుపై సన్నని గీత పడుతుంది. దానిలోకి బూజు చేరితే తెల్లటి పుండవుతుంది. ఆకుపసరో, ఆముదమో, తల్లిపాలో పోయడం వల్ల అది ముదురుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గి, బాగైనట్టు అనిపించి, లోపల పుండు కన్నును తినేస్తుంది. అవే చుక్కలు నెలల తరబడి వాడితే నీటికాసులు కూడా వస్తాయి. సున్నం, యాసిడ్ పడితే వెంటనే శుభ్రమైన నీటితో అరగంటపాటు ధారగా కడిగి, తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి. కంటికి ఏదైనా గుచ్చుకుంటే కడగకూడదు, నొక్కకూడదు, లాగకూడదు. గట్టి కప్పు అడ్డుపెట్టి తీసుకెళ్ళాలి. వెల్డింగు పనిలో, రాళ్ళు కొట్టేచోట, దీపావళి నాడు కళ్ళకు రక్షణ అద్దాలు ఉండాలి. ఉన్నట్టుండి మెరుపులు కనపడినా, నల్లటి పోగులు ఎక్కువైనా, ఒక పక్కనుంచి తెర దిగినట్టున్నా రెటీనా ఊడుతుండవచ్చు. అదే రోజు డాక్టరు చూడాలి.

ప్రభుత్వాలు ఈ విషయంలో చేసిన పని చిన్నది కాదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో తెలంగాణ ప్రభుత్వం కంటి వెలుగును ప్రారంభించింది, 2023లో రెండో విడత నడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో ఇదే పేరుతో పథకం మొదలై, ముందుగా బడిపిల్లలను పరీక్షించింది. ఊరిలోనే పరీక్ష చేసి, కళ్ళజోడు చేతికివ్వడం వల్ల బీడీలు చుట్టేవారు, మగ్గం నేసేవారు, దర్జీలు పని వదులుకోకుండా నిలబడ్డారు. అస్సాం తేయాకు తోటల్లో జరిపిన పరిశోధనలో దగ్గరి చూపు అద్దాలు అందినవారి పని ఇరవై శాతానికి పైగా పెరిగిందని తేలింది. అద్దాల విలువ దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ శిబిరం వచ్చి వెళ్ళిపోతుంది, నీటికాసులూ షుగరూ ఏళ్ళ తరబడి ఉంటాయి. వాటికి దగ్గరలో ఎప్పుడూ తెరిచి ఉండే చోటు కావాలి. సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున ఎల్.వి. ప్రసాద్ సంస్థ పల్లెల్లో నెలకొల్పిన దృష్టి కేంద్రాలు ఆ దారి చూపాయి. స్థానిక యువతీయువకులకే శిక్షణ ఇచ్చి, వారితోనే ఈ కేంద్రాలను నడిపిస్తున్నారు. రెటీనా ఫొటో తీసే కెమెరా, ఒత్తిడి కొలిచే పరికరం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండి, ఆ ఫొటోను జిల్లా ఆసుపత్రి డాక్టరు చూసే ఏర్పాటు చేయడం ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ సాధ్యమే. తర్వాతి అడుగు అక్కడే పడాలి.

అంతవరకూ అందరికీ దొరికే అవకాశం ఒకటుంది. నలభై దాటాక సూదిలో దారం ఎక్కక, పేపరు చేతికందని దూరానికి జరిపి చదవడం మొదలవుతుంది. చత్వారం రాని మనిషి లేడు. దాంతో ధనవంతుడూ కూలీ కూడా ఏదో ఒక రోజు అద్దాల కోసం బయల్దేరతారు. రోడ్డు పక్క బండి మీద రెడీమేడ్ జత కొనుక్కుంటే అక్షరాలు కనపడతాయి, ఆ అవకాశం మాత్రం చేజారుతుంది. ఆ రోజున చుక్కల మందు వేయించుకుని, ఒత్తిడి కొలిపించుకుని, నరం చూపించుకుంటే, నీటికాసులు మొదలయ్యే వయసులోనే బయటపడతాయి. అన్నీ బాగుంటే మళ్ళీ రెండేళ్ళకు, అరవై దాటితే ఏటా.

నీటికాసులు ఉన్నవారి తోబుట్టువులకూ పిల్లలకూ ఆ జబ్బు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంట్లో ఎవరైనా రోజూ కంట్లో చుక్కలు వేసుకుంటుంటే, అవి ఏ జబ్బుకో అడగండి. నీటికాసులకే అయితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, నలభై దగ్గరపడుతున్న పిల్లలు ఈ నెలలోనే వెళ్ళి కళ్ళు చూపించుకోండి.